అదే మోడల్ కెమెరా

“ఫొటోల మీద ఇష్టంతోనే ఈ పనిలోకి వచ్చారా మేడం?” అని సోనిని ఎవరైనా అడిగితే పక్కగదిలో ఉన్న నాకు నవ్వొస్తుంది. ఇష్టం లేదు, గిష్టం లేదు. ఆమె పగతో వచ్చింది. పొయ్యిలో నిప్పును బూడిద కింద దాచినట్టు ఆ పగను దాచుకుంటూ ఇన్నేళ్లు ఫొటోలు తీసింది. అది ఎలా పుట్టిందో ఆమె చెబితే విన్నాను, ఎలా తీరిందో కళ్లారా చూశాను.

నా పేరు భాగ్య. బాన్సువాడ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడతాను. ఇంటాయన ఒకే షట్టరుకు మధ్యలో చెక్క గోడ పెట్టి రెండు దుకాణాలు చేసి, ఇద్దరి దగ్గరా కిరాయి తీసుకుంటాడు. గోడకు ఇవతల నా మిషను, అవతల సోని స్టూడియో. అటు గుసగుసలాడినా ఇటు వినబడుతుంది. వినబడేది వినకుండా చెవులు మూసుకునేంత మంచిదాన్ని కాదు నేను.

సోనిది ఊరికి దగ్గరి తండా. తండ్రి జేత్యాకు కొంచెం పొలం ఉంది, మిగతా కాలమంతా రైతుల చెరకు కొట్టడానికి పోయేవాడు. తల్లి సోమ్లి కూడా వెంట పోయేది. వాళ్లకు ఈమె ఒక్కతే బిడ్డ. ఆటో నడిపే గణేష్‌తో సోని పెళ్లి కుదిరినప్పుడు, బాన్సువాడ నుంచి పెద్ద స్టూడియో ఆయన వచ్చి ఫొటోలు తీయాల్సిందేనని సోమ్లి పట్టుబట్టింది. అప్పటిదాకా ఆ తండాలో పెళ్లి ఫొటోలంటే ఎవరో చుట్టం ఫోనులో తీసినవే. తన బిడ్డ పెళ్లికి అట్ట ఉన్న ఆల్బం కావాలని ఆమె కోరిక.

పెద్ద స్టూడియో రాజేశ్వర్‌ది. తాతల నాటి నుంచి వరి, చెరకు పండించే పట్టాదార్ల కుటుంబం. పొలం అన్నదమ్ములకు వదిలి అతను మెయిన్ రోడ్డు మీద స్టూడియో పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. నేనంటాను.

పెళ్లికోసం సోమ్లి ఒక వానకాలమంతా కూర్చుని తన బట్టలు తనే కుట్టుకుంది. ఎర్ర లంగా, రవిక, తల మీద కప్పుకునే ముసుగు, అన్నిటి నిండా అద్దాలు, గవ్వలు. ఆ బట్టలు తర్వాత సోని నాకు చూపించింది. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పని మిషను మీద జన్మలో రాదు. ఆ బట్టలు తొడుక్కుని సోమ్లి బిడ్డ పక్కన వచ్చి నిలబడగానే రాజేశ్వర్ కెమెరా దించాడు.

“అమ్మా, నువ్వు జర పక్కకు జరుగు. నీ అద్దాలకు ఫ్లాష్ తాకి మల్ల ఎన్కకు కొడుతున్నది. ఫొటో ఖరాబైతది.”

సోమ్లి జరిగింది. పెళ్లికూతురు సోనే తల్లి చెయ్యి పట్టుకుని నోరు విడిచి అడిగింది, మా అవ్వతోని ఒక్కటి తీయన్నా అని.

“గీ కెమెరాతోని రాదు చెల్లె. చీర కట్టుకొని రమ్మను, తీస్త. లేకుంటే కొత్త మోడల్ వస్తదంటుండ్రు, గప్పుడు చూద్దాం.”

బిడ్డ పెళ్లికని కుట్టుకున్న బట్టలు పెళ్లిరోజే విప్పేయమంటే ఏ తల్లి విప్పుతుంది? “కెమెరా గూడ నన్ను జూసి బుగులు పడుతున్నది” అని సోమ్లి నవ్వేసి పక్కకు పోయింది. రాజేశ్వర్ అంతటితో ఆగినా బాగుండేది. అతని వెంట లైటు పట్టే మనిషి అన్నానికి పోయాడట. ఉత్తగానే నిలబడ్డావు కదా అని సోమ్లి చేతికి లైటు కర్ర ఇచ్చాడు. పెళ్లి తంతు ముగిసేదాకా ఆమె ఆ కర్ర పట్టుకుని, బరువుకు చేతులు మార్చుకుంటూ, బిడ్డ మొహం మీద వెలుతురు పడేలా నిలబడింది.

ఆల్బం వచ్చింది. అందులో మేనత్తలున్నారు, గణేష్ దోస్తులున్నారు, అన్నం దగ్గర ఆగిన ఎవరో లారీ డ్రైవర్ కూడా ఉన్నాడు. సోమ్లి లేదు. ఆమె ఆల్బం ఒళ్లో పెట్టుకుని, బిడ్డ మొహం మీద వేలు పెట్టి, “గీ వెలుగు నాది” అని చుట్టాలకు చూపించేదట. సోని ఆ మాట నాకు చెప్పిన రోజు నేను మిషను ఆపేసి దుకాణం తొందరగా మూసేశాను.

తర్వాత కొన్నేళ్లకు సోమ్లికి జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ఎక్కువైంది, మనిషి దక్కలేదు. దినాలనాడు దండ వేద్దామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించారు. ఆధార్ ఫొటోలో మహారాణి అయినా దొంగలాగే కనబడుతుంది. కళ్లు సగం మూసుకుని, మెడ వంకరగా, మొహం బూడిద రంగులో ఉన్న ఆ బొమ్మకు దండ వేయడానికి జేత్యా ఒప్పుకోలేదు. “గీమె నా పెండ్లాం గాదు” అని అటు తిరిగి కూర్చున్నాడు.

ఇంత జరిగినా సోనికి అప్పుడు దుఃఖమే తప్ప పగ లేదు. కెమెరాకు చేతకాకపోతే అతనేం చేస్తాడని సర్దిచెప్పుకుంది. కానీ ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలన్న పురుగు మనసులో తొలిచేది. రాజేశ్వర్ తన కెమెరా పేరు ఆల్బం అట్ట మీద గొప్పగా అచ్చు వేసుకున్నాడు. ఆ పేరు పట్టుకుని సోని నిజామాబాద్ పోయి, పాత కెమెరాలు అమ్మే దుకాణాలు తిరిగి, అదే మోడల్, దాని ఫ్లాష్‌తో సహా వెతికి కొన్నది. లోకమంతా కొత్తది కావాలంటుంటే ఈమె పాతదే కావాలని కొట్లాడుతుంటే దుకాణం వాడికి అనుమానమొచ్చిందట.

తల్లి బట్టలు మేనత్తకు తొడిగించి వసారాలో నిలబెట్టి ఫొటో తీసింది. ఫొటో నిండా తెల్ల మచ్చలు, మేనత్త మొహమే లేదు. రాజేశ్వర్ చెప్పింది నిజమేనని సోని అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ కెమెరా కింద పెట్టబోతే ఫ్లాష్ తల మెడ విరిగినట్టు పైకి లేచింది. పాడైందేమోనని భయపడి మళ్లీ నొక్కి చూసింది. ఈసారి వెలుతురు పైకి పోయి, ఎండకు అడ్డంగా కట్టిన తెల్లబట్టకు తగిలి, మెత్తగా కిందికి దిగింది. మేనత్త మొహం, ముక్కుపుల్ల, లంగా మీది అద్దాలు ఒక్కొక్కటీ విడివిడిగా, శుభ్రంగా వచ్చాయి.

అదే కెమెరా. చేయవలసిందల్లా ఫ్లాష్ తల పైకి తిప్పి, పైన ఒక తెల్ల దుప్పటి కట్టించడం. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటట అది. రాజేశ్వర్‌కు తెలియక కాదు. తండా మనిషి కోసం దుప్పటి కట్టించే ఓపిక లేక కెమెరా మీద నెట్టేశాడు. సోనికి పగ పుట్టింది ఆ రోజు.

ఆ కెమెరాతోనే పని నేర్చుకుంది. గణేష్ ఆటోలో ఎప్పుడూ ఒక తెల్ల దుప్పటి, రెండు కర్రలు ఉంటాయి. పెళ్లి ఎక్కడైనా సరే, పోగానే ఆమె మొదట అనే మాట, “పిల్ల తల్లి ఏడున్నది? ముందుగాల ఆమె రావాలె.” మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్, డోంగ్లి దాకా తండాలన్నీ ఆమెనే పిలిచేవి. ఆ వైపు మరాఠీ వాళ్లు కూడా అక్కా అనడానికి తాయీ, తాయీ అంటూ వెతుక్కుంటూ వచ్చేవారు. మధ్యలో ఎక్కడైనా రాజేశ్వర్ ఎదురుపడితే సోని నమస్తే పెట్టి నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

“వానితోని నవ్వులేందే నీకు?” అని కసిరాను ఒకసారి.

“నవ్వనీ అక్కా. మొఖం మాడ్చుకుంటే దూరం పెడ్తడు. వాడు నా దగ్గర్కి రావాలె.”

పోయిన ఎండాకాలం రాజేశ్వర్ కొత్త కెమెరా కొన్నాడు. కొన్నవాడు ఊరికే ఉండక, మా సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో అతని మొహం కంటే కెమెరా పెద్దగా ఉంది. దాని వెనక నా దుకాణం బోర్డు సగం మునిగిపోయింది. జర తీయించన్నా అంటే, “సీజన్ అయిపోంగనే తీస్త, అడ్జస్ట్ చేసుకో అక్కా” అన్నాడు. పక్కకు జరగమని ఆడవాళ్లకు చెప్పడం అతనికి నాలుక మీదే ఉంటుంది.

ఆ ఫ్లెక్సీ వచ్చాక సోని బేరాలు తగ్గాయి. పెళ్లికొడుకులు వచ్చి ఫొటోలు చూడటం మానేసి, ఏ కెమెరా వాడతారని అడగడం మొదలుపెట్టారు. చూపిస్తే, “గిదా?” అని ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. సోనికి ఒళ్లు మండిపోయింది. రాజేశ్వర్ కొన్నదే, అదే రంగుది, తానూ కొనాలని పట్టు పట్టింది. గణేష్‌కు ఆ మాట రుచించలేదు. గోడ అవతల మొగుడూ పెళ్లాల వాదన నేను పూర్తిగా విన్నాను.

“గా పైసలకు ఇంకో ఆటో వస్తది. పాతదైనా సరే, కిరాయికి ఇచ్చుకోవచ్చు” అన్నాడు గణేష్.

“ఆటోతోని వాని నోరు మూస్తనా?”

“కెమెరాతోని మూస్తవా? వచ్చే సంవత్సరం వాడు ఇంకోటి కొంటడు. వాని ఎన్క నువ్వు ఉరుక్కుంటనే ఉంటవా?”

ఇద్దరూ నన్నే అడిగారు. నా మిషనుకు మోటరు పెట్టించుకున్నాక జాకెట్లు తొందరగా అవుతున్నాయి, నిజమే. కొలత తప్పు తీసుకుంటే తప్పు జాకెట్ కూడా అంతే తొందరగా తయారవుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కొనమనే చెప్పాను. కొని వాడి ఫ్లెక్సీ కిందనే నీ ఫ్లెక్సీ కట్టు అన్నాను. నా బోర్డు మునిగినదాన్ని నేను, నా దగ్గర చల్లని సలహా ఎందుకుంటుంది? వచ్చే సీజన్ మొదలయ్యేలోపు తీసుకుంటానని సోని నిజామాబాద్ దుకాణంలో చెప్పి పెట్టింది.

ఆ సమయంలోనే రాజేశ్వర్ కూతురు పల్లవికి పెళ్లి కుదిరింది.

మా ఊరి ఫొటోగ్రాఫర్లకు ఒక కట్టుబాటు ఉంది. వాళ్లలో ఎవరింట్లో పెళ్లయినా మిగతావాళ్లంతా కిరాయి తీసుకోకుండా వచ్చి ఫొటోలు తీయాలి. ఎందుకంటే ఆ ఒక్కరోజు ఆ ఇంటివాడు కెమెరా పట్టుకోలేడు. భార్య పక్కన పీట మీద కూర్చోవాలి, అల్లుడి కాళ్లు కడగాలి, కన్యాదానం చేయాలి. ఊరందరినీ ఫొటోల్లోకి ఎక్కించినవాడు తాను ఎక్కేది ఆ ఒక్కరోజే. ఎవరు ఎక్కడ నిలబడి తీయాలో చెప్పే హక్కు మాత్రం అతనిదే.

రాజేశ్వర్, అతని భార్య గంగమణి బొట్టు పెట్టి పిలవడానికి సోని దుకాణానికి వచ్చారు. గంగమణి మంచి మనిషి, నాక్కూడా బొట్టు పెట్టింది.

“పల్లవి ఫోన్ల నీ ఫొటోలే జూస్తది చెల్లె. మొఖాలు నీ లెక్క ఎవరు తీయరంటది. పీటల కాడ నువ్వే నిలబడాలె” అన్నాడు రాజేశ్వర్.

“నిలబడ్తన్నా. నువ్వు చెప్పినంక కాదంటనా?”

మేకుకు వేలాడుతున్న ఆమె కెమెరా వైపు చూసి అతను తల అడ్డంగా ఊపాడు. “గీ డబ్బాతోని మాత్రం ఒద్దు. నా కొత్తది ఇస్త. నా బిడ్డ పెండ్లి గదా.”

వాళ్లు పోయాక సోని నా వైపుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మొహంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు.

“అక్కా, వాడే జాగ ఇస్తుండు, వాడే కెమెరా ఇస్తుండు. పల్లవిని తీస్త, తల్లిని తీస్త. పెండ్లి మొత్తం మంచిగ తీస్త. వాడొక్కడు ఉండడు.”

వద్దనే మాట నా నోటికి రాలేదు. రావాలని నేను కోరుకోనూ లేదు.

పెళ్లికూతురి జాకెట్ కుట్టింది నేనే కాబట్టి ఫంక్షన్ హాల్లో ముందు వరుసలోనే కూర్చున్నాను. సోని చేతిలో రాజేశ్వర్ కెమెరా, భుజానికి తన పాతది. ఫొటోలు తీసేవాళ్లు పీటలకు ఎదురుగా నిలబడతారు కదా, ఆమె రాజేశ్వర్ వెనక్కి పోయి నిలబడింది. ముందుకు రమ్మని పంతులుగారు చెయ్యి ఊపితే నవ్వి అక్కడే ఉండిపోయింది. అక్కడినుంచి పల్లవి మొహం కనబడుతుంది, చెంబుతో నీళ్లు పోస్తున్న గంగమణి కనబడుతుంది, పళ్లెంలో అల్లుడి కాళ్లు కనబడతాయి. రాజేశ్వర్ వీపు కనబడుతుంది.

అతను ఇటు తిరిగినప్పుడల్లా ఆమె కెమెరా అల్లుడి కాళ్ల మీదికి వంగింది. అతను నిటారుగా కూర్చుంటే పల్లవి మీదికి పోయింది. ఆ కొత్త కెమెరా పల్లవి కన్ను ఎటు తిరిగితే అటు తనంతట తానే తిరిగి పట్టుకుంటుందట. దానికి అడ్డంగా ఉన్న తండ్రి భుజం ఏకిన దూదిలాగా అలుక్కుపోతుందట.

కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టి నీళ్ల ధార వదిలే సమయానికి రాజేశ్వర్ తట్టుకోలేకపోయాడు. అంత మనిషి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. పల్లవి తలెత్తి తండ్రిని చూసింది. అప్పుడు సోని చప్పున పీటల ముందుకు నడిచి, అతని కెమెరా వదిలేసి, తన పాత కెమెరా ఎత్తి ఒక్కటంటే ఒక్కటి తీసింది. ఫ్లాష్ తల పైకే ఉంది. కెమెరా దించేటప్పుడు ఆమె మొహం చూశాను. తన చెంప తానే పగలగొట్టుకోవాలన్నంత కోపంగా ఉంది. మళ్లీ వెనక్కి పోయి మిగతాదంతా అనుకున్నట్టే పూర్తి చేసింది.

పెళ్లి ఫొటోలన్నీ కంప్యూటర్లో చూసుకున్న రోజు సాయంత్రమే రాజేశ్వర్ సోని దుకాణానికి వచ్చాడు. నేను కుడుతున్న జాకెట్ భుజాన వేసుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

“సోనీ, నేనేడ ఉన్న?” అన్నాడు అతను.

“ఏంది అన్నా?”

“ఫొటోలల్ల. మొత్తం జూసిన. పీటల కాడ ఒక్క దాంట్ల నా మొఖం లేదు.”

“నీ కొత్త కెమెరా పిల్ల కండ్లనే పట్టుకుంటున్నదన్నా. మిగిలినోళ్లు ఎన్కకు పోతుండ్రు. నేనేం జేద్దు?”

“నాకే చెప్తున్నవా? కెమెరా ఏం జేస్తదో, పట్టుకున్నోళ్లు ఏం జేస్తరో నాకు ఎర్క లేదా?”

“ఎర్కనే గదా? మరి మా అవ్వకు గట్లెందుకు చెప్పినవ్?”

రాజేశ్వర్‌కు అర్థం కాలేదు. సోని మొత్తం చెప్పింది, గొంతు పెంచకుండా. అద్దాల లంగా, పక్కకు జరగమనడం, చీర కట్టుకు రమ్మనడం, చేతికి లైటు కర్ర ఇవ్వడం. అతను కనుబొమలు ముడిచి ఆలోచించాడు.

“ఏ తండా? ఎవరి పెండ్లి?”

“నా పెండ్లి.”

“నీ పెండ్లికి నేనొచ్చిన్నా?”

నాటకమాడుతున్నాడేమోనని నేను అతని కళ్లలోకి చూశాను. లేదు, నిజంగానే గుర్తు లేదు. “తండా పెండ్లిళ్లు చాన జేసిన చెల్లె. గప్పుడు అందరం అద్దాలోళ్లను పక్కకు నిలబెట్టెటోళ్లం. ఒక్కొక్కళ్లను యాదుంచుకుంటమా?” అన్నాడు. ఇన్నేళ్లు సోని ఎవరి మీద పగ పెంచుకుందో ఆ మనిషికి తాను చేసింది తప్పని తెలియకపోవడం అటుంచి, చేసినట్టే తెలియదు.

ఆమె మేకుకు ఉన్న కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. “గిది గుర్తు పట్టినవా? నా పెండ్లికి నువ్వు తెచ్చిన మోడలే. గీ ఫ్లాష్ తల జర పైకి తిప్పితే మా అవ్వ వస్తుండె.”

రాజేశ్వర్ వంగి కెమెరా మీది పేరు చదివాడు.

“నీ ఫొటో ఒక్కటున్నది, గీ దాంట్ల. ధార పోస్తుంటే నువ్వు ఏడ్చింది. పల్లవి నిన్నే జూస్తున్నది.” అతను చెయ్యి చాపాడు. సోని కెమెరా వెనక్కి తీసుకుంది. “మా అవ్వ యాదికొచ్చిన నాడు రా. మొఖం ఎట్లుంటుండెనో చెప్పు. తీస్కపో.”

మిగతా ఫొటోగ్రాఫర్లను అతనే గుమ్మం దగ్గరా భోజనాల దగ్గరా నిలబెట్టాడు. వీడియో లేదా అని మీరడగవచ్చు. ఉంది. అందులో పంతులుగారి భుజం వెనక రాజేశ్వర్ చెవి, సగం చెంప ఉన్నాయి. చుట్టాలు ఫోన్లలో తీసినవాటిలో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊరందరి పెళ్లి ఫొటోలూ గోడంత పెద్దవి చేసి ఇచ్చినవాడికి సొంత గోడకు పెట్టుకోవడానికి కన్యాదానం ఫొటో ఒక్కటి లేదు. నేను తృప్తిగా అన్నం తిన్నాను ఆ రోజు.

సోని నిజామాబాద్ దుకాణానికి ఫోన్ చేసి కొత్త కెమెరా వద్దని చెప్పేసింది. గణేష్ కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. మంచిది కాదా అని అడిగాను.

“మంచిదేనక్కా. అబద్ధమెందుకు, చీకట్ల గూడ మంచిగ తీస్తది, కన్ను ఇడువది. చీకటి హాళ్లల్ల దినాం పని ఉన్నోళ్లు కొనుక్కోవచ్చు. నేను వాని మీద పోటీకి కొందామనుకున్న. గా పని వాని కెమెరాతోనే అయిపాయె. ఇగ నాకెందుకు?”

కుర్రాళ్లు వచ్చి కొత్తది కొనమంటారా అని అడిగితే ఇప్పటికీ అదే చెబుతుంది. నీ పాతదానితో ఏ ఫొటో రావడం లేదో ముందు చెప్పు అంటుంది. చాలామంది చెప్పలేరు, టీ తాగి పోతారు.

రాజేశ్వర్ మళ్లీ వచ్చేసరికి చెరకు బండ్లు రోడ్డెక్కాయి. ఈసారి మొహం వెలిగిపోతోంది. పాత డిస్కులన్నీ తిరగేశాడట. కొత్తగా ప్రింటు తీయించిన ఫొటో ఒకటి సోని చేతిలో పెట్టాడు. నేను మిషను వదిలి, చేతిలో కత్తెర చేతిలోనే ఉండగా పరుగెత్తాను.

ఫొటోలో అద్దాల బట్టల్లో ఒకామె నవ్వుతోంది. లంగా మీద తెల్లమచ్చలు పడ్డాయి కానీ మొహం బాగానే వచ్చింది. నేను సోమ్లిని ఎప్పుడూ చూడలేదు. పగ ఈ రోజుతో కరిగిపోతుందని, జేత్యా ఈ ఫొటోకు దండ వేస్తాడని అనుకున్నాను. సోని చాలాసేపు చూసింది.

“గీమె ఎవరు?” అంది.

“మీ అవ్వ. జూస్తలెవ్వా? పక్కకు జరగమనేటంతకు ముందు తీసిన ఉంట. దొరికింది.”

“గీమె మా అవ్వ గాదు.”

“మంచిగ జూడు చెల్లె. గవే అద్దాలు, గదే లంగా.”

ఆ ఒక్కమాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. సోని ఆ ఫొటోను జాగ్రత్తగా బల్ల సొరుగులో పెట్టింది. ఆ తర్వాత రోజుల్లో నాలుగు తండాల్లో చూపిస్తే, ఆమె డోంగ్లి వైపు తండాలో మంగ్యా అనే అతని తల్లి అని తేలింది. ఆమె కూడా ఇప్పుడు లేదు. మంగ్యా వచ్చి ఆ ఫొటో అందుకుని మా మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

అదంతా తర్వాతి సంగతి; ఆ రోజు ఫొటో సొరుగులో పెట్టాక కూడా రాజేశ్వర్ బల్ల ముందు నిలబడే ఉన్నాడు. సోని పాత కెమెరా తీసి, ఆ ఫొటో వెతికి, వెనక ఉన్న చిన్న తెరను అతని వైపు తిప్పింది. నేనూ వంగి చూశాను. కూతురి చేతి మీద తండ్రి చెయ్యి, దాని మీంచి జారుతున్న నీళ్లు, ఏడుపుతో చిన్నపిల్లవాడిలా అయిపోయిన అతని మొహం, ఆ మొహాన్నే చూస్తున్న పల్లవి. ఇంతకంటే మంచి ఫొటో సోని ఇంకొకటి తీయలేదు. రాజేశ్వర్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“పల్లవి దినాం అడుగుతున్నది చెల్లె. గిది గోడకు పెట్టుకుంట” అన్నాడు.

సోని తొందరపెట్టలేదు. తనివితీరా చూడనిచ్చింది. అతని కళ్లు మళ్లీ నిండాక కెమెరా తీసుకుని ఆపేసి, పక్కనున్న చిన్న మూత తెరిచి, ఫొటోలుండే కార్డు బయటికి లాగింది.

“అక్కా, కత్తెర ఇయ్యి” అంది.

తుడిచేసిన ఫొటోను మళ్లీ తెప్పించే మార్గాలున్నాయని వాళ్లిద్దరికీ తెలుసు. ఆ ఫొటోను సోని కంప్యూటర్లోకి ఎక్కించలేదని నాకు తెలుసు. పల్లవి ఏం పాపం చేసిందని మీరంటారు. సోమ్లి ఏం చేసింది? నేను కత్తెర ఇచ్చాను.

కార్డు గట్టిగా ఉంది, మొదట జారింది. రాజేశ్వర్ చెయ్యి అడ్డం రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. సోని రెండు చేతులతో నొక్కింది. ముక్కలను బల్ల మీంచి ఊడ్చి అతని అరచేతిలో పోసింది.

“ఎందుకు చెల్లె?” అన్నాడు, వినీవినబడనట్టు.

“మా అవ్వ నీకు యాది లేదు. గీ ఫొటో మాత్రం నీకు సచ్చెదాకా యాదుంటది” అంది సోని.